ఊరికే పిలిచిన పిలుపు

వకుళ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఆమెకు వింతగా తోచిన సంగతి ఒక్కటే. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ పిలవరు.

చీరాలలో రైలుకట్టకు ఆవల, నేతగాళ్ల వీధిలో ఇల్లు. ముందుగదిలో మామగారి గుంటమగ్గం ఉండేది. పొద్దున్నే ఆయన గుంటలో కాళ్లు దించి కూర్చున్నాడంటే భోజనాల వేళ దాకా ఆ టకటక ఇంటికి ఊపిరిలాగా నడుస్తూనే ఉండేది. ఆ చప్పుడులో కేక వేసినా వినపడదు. అందుకని మంచినీళ్లు కావాలన్నా, ఎవరైనా బేరానికి వచ్చినా ఆయన నోరు తెరవకుండా మగ్గం ఆపేవాడు. ఆగిన మరుక్షణం వంటింట్లోంచి అత్తగారు మాణిక్యమ్మ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడేది. పెరట్లో ఉన్నవాళ్లూ వచ్చేవాళ్లు.

“మగ్గం ఆగిందంటే పిలిచినట్టేనమ్మాయ్. ఊరికే ఆగదది,” అని మాణిక్యమ్మ మొదటి వారంలోనే కోడలికి చెప్పింది.

ఆయన పోయిన రోజు కూడా ఎవరూ ఎవర్నీ పిలవలేదు. పొద్దున పదకొండింటప్పుడు మగ్గం ఆగింది. మాణిక్యమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన తల మగ్గం మీది పడుగు దారాల మీద వాలి ఉంది.

తర్వాత మగ్గం విప్పి అటక ఎక్కించారు. గుంట మీద చెక్కలు పరిచారు. ఆ చెక్కల మీదే వకుళ స్టూలు వేసుకుని, ఎదురుగా గుండ్రటి దీపం పెట్టి, దాని నడుమ సెల్‌ఫోను బిగించి చీరలు అమ్మడం మొదలుపెట్టింది. రోజూ మూడింటి నుంచి ఆరింటి దాకా లైవ్. ఆమె గొంతు ఆ గదిలో మొదలయ్యిందంటే మళ్లీ ఇంటికి ఒక చప్పుడు వచ్చినట్టయింది. భర్త సాంబశివ పక్కగదిలో చీరలు మడిచి, పాకెట్లు కట్టి, చిరునామాలు అంటించేవాడు.

వకుళకు ఆ పని చేతనయింది. చూసేవాళ్ల పేర్లు గుర్తుపెట్టుకునేది. అక్కా అని, వదినా అని, పిన్నీ అని ఎవరికి తగ్గట్టు వాళ్లను పిలిచేది. “సత్తెనపల్లి పిన్నిగారూ, పోయినసారి ఆకుపచ్చ అడిగారు, ఇదిగో చూడండి,” అంటే సత్తెనపల్లి పిన్నిగారు అక్కడ పొయ్యి దగ్గర మురిసిపోయేది. ఒక దసరాకి మూడు వేలమంది ఒకేసారి చూశారు.

కానీ ఆ పనిలో ఏదీ నిలిచేది కాదు. మొదట్లో లైవ్‌కి జనాన్ని రప్పించడానికి ఫోటోలు చాలేవి. తర్వాత పాట పెట్టి చిన్న వీడియోలు తియ్యాల్సివచ్చింది. తర్వాత చీర కట్టుకుని నాలుగు అడుగులు ఆడాల్సివచ్చింది. ఆపైన ఇంట్లో కష్టసుఖాలు చెప్పుకోవాల్సివచ్చింది. ఆమె ప్రతిదీ నేర్చుకుంది. నేర్చుకునేసరికల్లా అది పాతపడిపోయేది. ఆఖరికి తెర మీదికి యంత్రాలు తయారుచేసిన ఆడమనుషులు వచ్చారు. చెమట పట్టని మొహాలు, అలిసిపోని గొంతులు. ఒక్క నిమిషంలో వంద చీరలు కట్టి చూపించేవాళ్లు. జనం విసిగిపోయి ఎవరు కనపడ్డా బొటనవేలితో పైకి తోసెయ్యడం మరిగారు. యంత్రాలతోబాటు వకుళను కూడా తోసేశారు. మూడు వేలు మూడు వందలయింది. మూడు వందలు నలభై అయింది.

“ఇది ఎన్నాళ్లు నడిచే పని, వకుళా?” అని సాంబశివ ఒకరోజు అన్నం తింటూ అడిగాడు. కోపంతో కాదు, దిగులుతో అడిగాడు.

“మీ నాన్న మగ్గం ఎన్నాళ్లు నడిచింది?”

ఆ మాట అనేశాక వకుళకు తనమీద తనకే కోపం వచ్చింది. సాంబశివ కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

అటువంటప్పుడే గుంటూరు నుంచి పిలుపు వచ్చింది.

* * *

ఊరి చివర పాతబడిన పొగాకు గొడౌను అది. లోపల గాజుగదులు కట్టి, చల్లటి గాలి పెట్టి ప్రయోగశాల చేశారు గాని, గోడల్లోంచి పొగాకు వాసన పోలేదు. సామాన్లు అమ్ముకునేవాళ్లకు కొత్త దారులు కనిపెట్టే కంపెనీ. పరిశోధన చూసే ఆవిడ పేరు డాక్టర్ ఏస్తేరు. యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మాట మెత్తన. అంతకుముందు ఆవిడ పసిపిల్లలకు చెవుడు ఉందో లేదో పట్టే యంత్రం తయారుచేసింది. దానికి డబ్బు పెట్టేవాళ్లు దొరక్క, యంత్రంతోబాటు ఈ కంపెనీలోకి వచ్చింది.

ఏస్తేరు వకుళ చెవి వెనక బొట్టుబిళ్లంత అట్టముక్క ఒకటి అంటించి, ఎదుటి తెర చూడమంది. ఆకుపచ్చ గీత ఒకటి పాకుతోంది. వెనక ఎవరో ప్లేటు కింద పడేశారు. గీత ఎగిరి పడింది.

“ఆవు చప్పుడు వినగానే చెవి తిప్పుతుంది, చూశారా?” అంది ఏస్తేరు. “మనక్కూడా చెవి వెనక ఆ కండ ఉంది. చెవి తిప్పలేం. కానీ మనల్ని ఎవరైనా పిలిచారనిపిస్తే ఆ కండ తిప్పుదామని ఒకసారి చూస్తుంది. మనకు తెలియకుండానే. మనసు దాచుకున్నా అది దాచదు.”

అవతలి గదిలో అయిదుగురు ఆడవాళ్లను కూర్చోబెట్టి, చెవుల వెనక అట్టముక్కలు అంటించి, వకుళను లైవ్‌లో మాట్లాడినట్టే మాట్లాడమన్నారు. అక్కా అంది, వదినా అంది. అయిదు గీతలూ ఎండాకాలపు కాలవలాగా చదునుగా పాకాయి. వాళ్లు నవ్వుతూనే వింటున్నారు, ఆ కండ మాత్రం కదల్లేదు. వకుళకు మొహం చెల్లలేదు.

ఆరోజు కూతుర్ని ఇంట్లో వదల్లేక వెంట తెచ్చుకుంది. ఏడేళ్లు మేదినికి. వరండాలో ఆడుకుంటూ, రెయిలింగు లేని మెట్ల అంచుదాకా వెళ్లి వంగి చూస్తోంది. గాజులోంచి వకుళకు ఆ వీపు కనపడింది. మైకు ఉందన్న సంగతే మర్చిపోయింది.

“తల్లీ, ఇటు రా.”

అరవలేదు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి జారుతుందని తల్లులకు తెలుసు. మెత్తగా, గట్టిగా, రెండూ కలిసిన గొంతు. మేదిని వెనక్కి తిరిగింది. అవతలి గదిలో ఆ అయిదుగురూ కూడా ఒక్కసారే తలలు తిప్పారు. తెర మీద గీతలు పైకి లేచి కొట్టుకున్నాయి.

ఏస్తేరు చేతిలో కలం ఆగిపోయింది. మళ్లీ పిలవమంది. ఈసారి గీతలు లేవలేదు. పిలవడానికి ఎవరూ లేకపోతే ఆ పిలిచే వరస గొంతులోకి రాదని ఇద్దరికీ అర్థమయింది. దాంతో మేదినిని తెచ్చి, తల్లికి వీపు పెట్టి కూర్చోబెట్టి, ముందు రంగుపెన్సిళ్లు పోశారు. పిల్ల వీపు కనపడితే చాలు, వకుళ గొంతులోకి అది దానంతటదే వచ్చేది.

వరసగా ఆరు ఆదివారాలు చీరాల నుంచి గుంటూరు వెళ్లారు. రోజుకు నలభై సార్లు పిలవాలి. పిలిచినప్పుడల్లా మేదిని తిరిగి చూసేది.

“ఎందుకమ్మా పిలిచావు?”

“ఏం లేదు. బొమ్మ వేసుకో.”

ఏస్తేరు యంత్రం ఆ పిలుపులోంచి మాటను వేరుచేసి ఉత్త వరసను మాత్రం పట్టుకుంది. ఆ వరసను ఏ మాట కింద పరిచినా, ఎవరి గొంతు కింద పరిచినా వినేవాళ్ల చెవి వెనక కండ కదిలేది. దానికి ఆవిడ పిలుపునీడ అని పేరు పెట్టింది.

నాలుగో ఆదివారం నుంచి మేదిని ఎందుకమ్మా అని అడగడం మానేసింది. తల తిప్పి చూసి, మళ్లీ బొమ్మలోకి వంగేది. ఆరో ఆదివారం సగం సార్లు తిరగనే లేదు. అలిసిపోయిందనుకున్నారు. అప్పటికే సరిపడా పట్టుకున్నామని చెప్పి, పిల్ల చేతిలో నిమ్మసోడా పెట్టి పంపించారు.

ఇంట్లో ఆ సంగతి చెప్పింది మేదినే. అమ్మ ఊరికే పిలుస్తుంది నానమ్మా, నేను చూడాలి, అంతే, అని. మాణిక్యమ్మ బియ్యం ఏరుతున్న చేట కింద పెట్టి కోడలి వంక చూసింది.

“పిల్లని ఊరికే పిలిచావా?”

“ప్రయోగం, అత్తయ్యా. మన పని కోసమే.”

“పని లేకుండా పిలిస్తే ఇంకోసారి పలకదే,” అంది మాణిక్యమ్మ. మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది.

* * *

పిలుపునీడ వేసి మొదటి లైవ్ పెట్టిన రోజు వకుళ కొత్తగా ఏమీ చెయ్యలేదు. ఎప్పటి మాటలే, ఎప్పటి చీరలే. మాటల కింద ఆ వరస పరిచేందుకు కంపెనీ ఇచ్చిన డబ్బీ ఒకటి ఫోనుకు తగిలించింది, అంతే. నలభై మంది నాలుగు వందలయ్యారు. వారం తిరిగేసరికి నాలుగు వేలయ్యారు. తోసేద్దామని లేచిన బొటనవేళ్లు గాలిలో ఆగిపోతున్నాయని ఏస్తేరు ఫోనులో చెప్పింది. చూసేవాళ్లు రాసే మాటలు చదువుతుంటే వకుళకు ఒకపక్క సంతోషం, ఒకపక్క బెదురు. సత్తెనపల్లి పిన్నిగారు అయితే, “ఎందుకోనమ్మా, నువ్వు మాట్లాడితే మా అమ్మ పెరట్లోంచి పిలిచినట్టుంటది. ఆమె పోయి ఇరవయ్యేళ్లు,” అని రాసింది. వకుళ ఆ మాట రెండుసార్లు చదివి, ఫోను బోర్లించింది.

సాంబశివకు పాకెట్లు కట్టడానికి రెండు చేతులు చాల్లేదు. ఇది ఎన్నాళ్లని ఆయన మళ్లీ అడగలేదు.

వకుళ సంతకం పెట్టిన కాయితంలో పిలుపునీడ కంపెనీ సొంతమని ఉంది. ఆమె చదివే పెట్టింది, అంత పట్టించుకోలేదు. రెండో నెలలో బస్సులో పోతుండగా ముందుసీట్లో ఎవరి ఫోనులోనో ఒక మగగొంతు బోరు మోటార్ల గురించి చెబుతోంది. వకుళ ఉలిక్కిపడింది. గొంతు ఎవరిదో గాని, దాని అడుగున ఉన్నది తన వరస. తన పిలుపు పంచె కట్టుకుని ఎదురొచ్చినట్టు అనిపించింది. ఆ తర్వాత సబ్బుల కింద వినపడింది, కుక్కర్ల కింద వినపడింది, చదువులు చెప్పే సెంటర్ల ప్రకటనల కింద వినపడింది. వీధిలో నడుస్తుంటే ప్రతి ఇంటి కిటికీలోంచి ఆమే తల్లీ, ఇటు రా అని పిలుస్తున్నట్టుండేది. ఎవరినీ కాదు, ఎందుకూ కాదు.

మూడో నెల దాటాక చూసేవాళ్లు తగ్గడం మొదలయింది. వకుళకు అది అలవాటే. ఏదైనా అంతే కదా అనుకుంది.

సంక్రాంతి సెలవులు అయిపోయి బళ్లు తెరిచాక ఒక సోమవారం పొద్దున. సాంబశివ స్కూటరు రిపేరులో ఉంది. వకుళ మేదినిని నడిపించుకుని బడికి బయల్దేరింది. బడికి రైలుకట్ట దాటి వెళ్లాలి. గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. మొదటి పట్టాల మీద గూడ్సుబండి ఒకటి ఆగి ఉంది. గేటు పక్కన మనుషులు దూరే సందులోంచి కొందరు అప్పుడే దాటేస్తున్నారు. అవతల తన స్నేహితురాలు కనపడగానే మేదిని తల్లి చెయ్యి విడిపించుకుని సందులో దూరింది. గూడ్సుబండి చివరి పెట్టె పక్కనుంచి రెండో పట్టాల వైపు నడుస్తోంది. ఆ పెట్టె అడ్డం వల్ల ఆ పిల్లకు కనపడనిది, గేటు దగ్గర బాగా పక్కగా నిలబడ్డ వకుళకు కనపడింది. రెండో పట్టాల మీద దూరాన బండి వస్తోంది.

“తల్లీ, ఇటు రా.”

గొంతులోకి అది దానంతటదే వచ్చింది. మేదిని తిరగలేదు.

“తల్లీ!”

చుట్టూ ఇరవైమంది ఉన్నారు. ఒక్కరి తల కూడా తిరగలేదు. పక్కన నిలబడ్డ ఆడమనిషి తన సంచీ సర్దుకుంటూ ఉండిపోయింది. వకుళ సందులోకి పరిగెత్తింది. మూడోసారి పిలిచింది. చిన్న వీపు, పుస్తకాల సంచీ, నింపాదిగా ముందుకు పోతోంది.

గేటు కాపలా ఆయన నోట్లో ఈల పెట్టి ఊదాడు. చెవులు చిల్లులు పడేలా ఊదాడు. మేదిని ఉన్నచోట బిగుసుకుపోయింది. పిల్ల ముందునుంచి, రెండు బారల దూరంలో, బండి వెళ్లింది. వెళ్లినంతసేపూ వకుళకు ఏమీ కనపడలేదు. పిల్ల భుజం చేతికి దొరికాకే కళ్లు కనపడ్డాయి.

ఇవతలికి తెచ్చి, గేటుగది అరుగు మీద కూర్చోబెట్టి అడిగింది.

“పిలిస్తే వినపళ్లేదా, తల్లీ?”

“వినపడిందమ్మా.”

“మరి?”

మేదిని అబద్ధం చెప్పే పిల్ల కాదు.

“నాక్కాదనుకున్నా,” అంది.

* * *

మర్నాడు గుంటూరులో ఏస్తేరు పిల్ల జడ పక్కకు తీసి చెవి వెనక అట్టముక్క అంటించింది. వెనకనుంచి వకుళ పిలిచింది. గీత కదల్లేదు. ఏస్తేరు బల్ల మీద చెంచాతో కొట్టింది, గీత లేచింది. కిటికీ మీద పిచ్చుక అరిచింది, గీత లేచింది. వరండాలో పోయేవాళ్లెవరో దగ్గారు, గీత లేచింది. వకుళ మళ్లీ పిలిచింది. గీత నేల మీద గీసినట్టు చదునుగా పోయింది.

మేదినిని వరండాలోకి పంపించి, ఏస్తేరు తెర ఆర్పేసింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. పిలిచినప్పుడు తిరిగి చూస్తే అక్కడ ఒక మనిషి ఉండాలి, ఒక కారణం ఉండాలి. ఏమీ లేకపోతే చెవి ఒకసారి మోసపోతుంది, వందసార్లు మోసపోతుంది, ఆ తర్వాత ఆ వరసకు తలుపు వేసేసుకుంటుంది. చెవుడు కాదు. మాట అర్థమవుతుంది. తనకు కాదని తేల్చేసుకుంటుంది. అందరికీ జరుగుతున్నదే ఇది. మేదినికి అందరికన్నా ముందు జరిగింది. ఎందుకంటే ఆ పిల్ల ఇక్కడే మొదలుపెట్టింది.

“మీకు ముందే తెలుసా, మేడమ్?” అని వకుళ అడిగింది.

ఏస్తేరు అబద్ధం చెప్పలేదు. తన ఫోనులో వాళ్లమ్మ గొంతు ఒకటి ఉండేదట, ఎనిమిది సెకన్లు. ఏస్తేరూ, గొడుగు మర్చిపోయావే, అని. అమ్మ పోయాక మిగిలింది అదొక్కటే. యంత్రం సరిచెయ్యడానికి వేరే గొంతు చేతిలో లేక, రోజూ అదే పెట్టి చూసుకునేది. ఏడాది పైన అలా నడిచింది.

“ఇప్పుడు వింటే గొడుగు సంగతి అర్థమవుతుంది. అంతే,” అంది ఏస్తేరు. “నా ఒక్కదానికే అలా అయిందనుకున్నాను. ఎక్కువ విన్నాననుకున్నాను.”

“పిల్లకు మళ్లీ వస్తదా?”

“ఆ వరస కొన్నేళ్లు చెవిన పడకుండా ఉంటే రావచ్చు. కానీ ఎక్కడ పడకుండా ఉంటుంది, వకుళా?”

కంపెనీ నడిపే జయచంద్ర లోపలికి వచ్చాడు. ముప్పై దాటని మనిషి, మర్యాదస్తుడు. రైలుగేటు సంగతి విని నిజంగానే నొచ్చుకున్నాడు. పిల్లకు బిస్కెట్లు తెప్పించాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, దాచకుండా చెప్పాడు. ఏ పిలుపైనా ఒక్క సీజనే నడుస్తుంది. అమ్మ పిలుపు అయిపోయింది. అది అరిగిపోయిందని కొనేవాళ్లకూ తెలిసిపోయింది. ఇప్పుడు కొత్తది కావాలి. ఎక్కడెక్కడో వెతికాం గాని, మీ ఇంట్లోనే ఉంది.

“పాప మిమ్మల్ని పిలుస్తుంది చూడండి, అమ్మా అని. ఆ రైలు పోయాక మీ చెయ్యి పట్టుకుని పిలిచి ఉంటుంది కదా. అటువంటిది,” అన్నాడు. “ఈసారి హక్కు మీ పేరుతోనే పెడతాం. ఎండాకాలం దాకా ఢోకా లేదు.”

“ఎండాకాలం తర్వాత?”

“ఇంకోటి చూద్దాం, మేడమ్. ఈ ఫీల్డే అంత.”

వకుళ వరండాలోకి చూసింది. మేదిని బిస్కెట్టు సగం తిని, మిగతా సగం పిచ్చుక కోసం కిటికీలో పెడుతోంది. తను చీరలు మడుస్తూ ఉన్నట్టు, పెరట్లో జారిపడి ఆ పిల్ల అమ్మా అని పిలిచినట్టు, తనకు ఆ మాట అర్థమయినట్టు, అయినా చీర మడవడం పూర్తిచేసినట్టు వకుళకు కళ్లముందు కనపడింది.

“మేడమ్,” అంది ఏస్తేరుతో. “బిడ్డ పిలుపు తీస్తే నాక్కూడా అట్టాగే అవుద్దా?”

“అందరికన్నా ముందు మీకే.”

వకుళ లేచి వరండాలోకి వెళ్లింది. మేదిని చెవి వెనక అట్టముక్క ఇంకా ఉంది. వెంట్రుక తెగకుండా, నొప్పి పుట్టకుండా గోటితో నెమ్మదిగా ఊడదీసి, తెచ్చి జయచంద్ర బల్ల మీద పెట్టింది. ఆయన ఇంకా ఏదో చెప్పబోయాడు. ఏస్తేరు వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది.

చీరాల బస్సులో ముందుసీటు ఫోనులో ఎవరో ఎవరినో పిలుస్తూనే ఉన్నారు. తల్లీ కూతుళ్లు ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఒకరి భుజం ఒకరికి తగులుతూనే ఉంది. అయినా వకుళకు పిల్లను ఎక్కడో స్టేషనులో దించేసి వస్తున్నట్టే ఉంది.

* * *

ఇంటికి వచ్చాక వకుళ సంగతంతా సాంబశివకు, అత్తగారికి చెప్పింది. సాంబశివ పాకెట్లు కడుతున్న దారం అలాగే పట్టుకుని విన్నాడు. ఇంకేదైనా పని చూసుకుందాం, అన్నాడు. కానీ ఏ పని? పదేళ్లలో ఆమె నేర్చిందంతా మనుషుల్ని పిలవడమే.

ఆ వారమంతా వకుళ మేదిని దగ్గరికి నడిచి వెళ్లి, భుజం తట్టి మాట్లాడింది. అన్నానికి పిలవాలన్నా నడిచి వెళ్లింది. పిల్ల బాగానే ఉంది, నవ్వుతోంది, కబుర్లు చెబుతోంది. కానీ వెనకనుంచి ఏమన్నా సరే, ఆ చిన్న తల కదిలేది కాదు. భుజం తట్టడానికి చెయ్యి అందనిచోట ఉన్నప్పుడు ఏం చెయ్యాలని ఆమెకు రోజంతా అదే భయం. రోజూ చెయ్యి పట్టుకుని పట్టాలు దాటించి, బడి లోపలికి వెళ్లేదాకా నిలబడేది.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఆఖరి లైవ్ పెట్టింది. డబ్బీ తగిలించలేదు. ఇన్నాళ్లూ నమ్మి వచ్చినవాళ్లకు చెప్పకుండా మానెయ్యడం మర్యాద కాదని, రెండు ముక్కలు చెప్పి దీపం ఆర్పేద్దామని అనుకుంది. ఆ రోజు బడి మధ్యాహ్నమే వదిలేస్తే మేదిని వచ్చి పెరటి వసారాలో లెక్కలు చేసుకుంటోంది. మాణిక్యమ్మ వంటింట్లో ఉంది.

ఉన్న నాలుగు చీరలూ చూపించాక చెబుదామని వకుళ మొదలుపెట్టింది. అలవాటున నోరు నడిచిపోయింది. అంచు చూడండి, కొంగు చూడండి, అక్కయ్యగారూ, పిన్నిగారూ. ఆమె గొంతు ఆ చెక్కల మీదనుంచి ఇల్లంతా పాకుతోంది. మూడో చీర విప్పి భుజం మీద వేసుకుని, “పిన్నిగారూ, ఈ రంగు మీకు,” అంటూ ఉండగా ఆమెకు తన గొంతు తనకే వినపడింది. ఆ వరసే. డబ్బీ లేకపోయినా అదే. ఇన్ని నెలలు విని విని తన మామూలు మాట కూడా దానిలాగే తయారయింది. ఏ మాట అనబోయినా అదే వచ్చేట్టుంది. సెలవు తీసుకుందామన్నా ఆ పిలుపుతోనే తీసుకోవాలి.

ఆమె ఆగిపోయింది.

ఆగిపోదామని అనుకుని ఆగలేదు. మాట రాలేదు, అంతే. ఫోనులో అక్షరాలు పైకి పాకడం మొదలుపెట్టాయి. అక్కా, సౌండ్ రావట్లేదు. ఏమైంది వదినా, నెట్ పోయిందా. సత్తెనపల్లి పిన్నిగారు, “ఏందమ్మా, ఒంట్లో బాలేదా?” అని రాసింది. వకుళ ఆ తెర వంక చూస్తూ ఊరుకుంది. పదేళ్లుగా మూడింటికీ ఆరింటికీ మధ్య ఆ గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. కాలు కదిపితే కింద గుంట మీది చెక్క కిర్రుమంది.

వంటింట్లో పంపు కట్టేసిన చప్పుడయింది. మాణిక్యమ్మ తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమె మొహం చూస్తే, ఇంకోసారి ఆ గదిలోకి చూడాల్సివచ్చినందుకు భయపడుతున్నట్టుంది. కోడలు కూర్చునే ఉందని చూసుకుని, గుమ్మం పట్టుకుని ఊపిరి వదిలింది. పక్కగదిలోంచి సాంబశివ దారపుండతో వచ్చి తల్లి వెనక నిలబడ్డాడు.

వాళ్లిద్దరి మధ్యలోంచి, చేతుల కిందనుంచి దూరి మేదిని వచ్చింది. చేతిలో పెన్సిలు అలాగే ఉంది. పరిగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

“ఎందుకమ్మా పిలిచావు?” అంది.

వకుళ నోటిదాకా ఏం లేదు అన్న మాట వచ్చింది. దాన్ని మింగేసింది. ఇది కూడా ఊరికే వాడితే అరిగిపోతుంది. ఈ ఇంట్లో ఇన్నేళ్లు ఇది అరక్కుండా ఎలా ఉందో ఆమెకు ఇప్పుడు తెలిసింది. పిల్ల ఎదురుచూస్తోంది. కారణం చెప్పాలి. నిజమైన కారణం కావాలి.

చెయ్యి చాచి ఫోను తీసి బోర్లించింది. తన ముందు చెక్కల మీద చోటు చూపించింది.

“జడ ఊడిపోయింది, వేస్తాను. కూర్చో.”

మేదిని వెనక్కి చెయ్యి పెట్టి తడుముకుంది. జడ నిజంగానే ఊడిపోయింది. తల్లికి వీపు పెట్టి కూర్చుంది. మాణిక్యమ్మ దువ్వెన తెచ్చి ఇచ్చి, గుమ్మంలోనే కూలబడింది. వకుళ జుట్టు మూడు పాయలు తీసి అల్లడం మొదలుపెట్టింది. బోర్లించిన ఫోనులో లైవ్ తెగిపోయి, దాని వెనక ఇంకెవరి ప్రకటనో మొదలై, ఆమె గొంతే మెత్తగా, గట్టిగా ఎవరినో రమ్మంది. ఆ ఇంట్లో ఎవరూ తిరిగి చూడలేదు.

అల్లుతూ అల్లుతూ వకుళ చేతులు ఆపింది. ఒక్క క్షణం. ఎదురుగా, పిల్ల చెవి వెనక, జుట్టు మొదలయ్యే చోట చర్మం సన్నగా అదిరింది.

“అయిపోయిందా?” అని మేదిని వెనక్కి తిరిగింది.